ఒక్కరోజు చందా: చిన్న సంస్థల చేతికి వచ్చేదేమిటి?

సాయంత్రం పూట పేదపిల్లలకు చదువు చెప్పే బడి, మూతపడకుండా ఊరివాళ్ళు నెట్టుకొస్తున్న గ్రంథాలయం, ఎవరూ లేని ముసలివాళ్ళకు రెండుపూటలా అన్నం పెట్టే ఇల్లు. ఇలాంటివాటిని నడిపేది సాధారణంగా ముగ్గురో నలుగురో. పాఠం చెప్పేదీ వాళ్ళే, లెక్కలు రాసేదీ వాళ్ళే, చందా అడిగేదీ వాళ్ళే. ఏడాది పొడవునా అడుగుతూ తిరిగితే అసలు పనికి ఓపిక మిగలదు. అందుకే ఒక తేదీ పెట్టుకుని, ఆ ఒక్కరోజు అందరూ కలిసి గట్టిగా అడిగి, మిగతా రోజులు పని చూసుకుందామన్న ఆలోచన ఇప్పుడు మన చిన్న సంస్థల్లోనూ వినిపిస్తోంది.

ఆలోచన మంచిదే. అయితే దీన్ని వింటున్నవాళ్ళలో చాలామంది ఆ రోజు క్యూఆర్ కోడ్ పెడితే డబ్బు దానంతటదే వస్తుందని ఆశపడుతున్నారు. ఇన్నేళ్ళ అనుభవం, ఈ విషయం మీద జరిగిన పరిశోధన చెబుతున్నది వేరు. ఆ రోజుకు రెండు నెలల ముందు నుంచీ ఒక్కొక్కరితో కుదుర్చుకున్న మాటలే ఆ రోజు పైకి కనిపిస్తాయి. ముందు పని జరిగినచోట ఒక్కరోజు అద్భుతంగా పనిచేసింది. జరగనిచోట అలసట, చిన్నబుచ్చుకోవడం తప్ప ఏమీ మిగల్లేదు.

ఈ పద్ధతి ఇంటర్నెట్‌తో పుట్టలేదు. 1912 జూన్‌లో లండన్ వీధుల్లో రాణి అలెగ్జాండ్రా పేరిట కృత్రిమ గులాబీలు అమ్మారు. వాటిని చేసింది వికలాంగులు, డబ్బు వెళ్ళింది ఆసుపత్రులకు. ఒకేరోజు వీధికొకరు నిలబడి చిన్న గుర్తు అమ్మే ఈ పద్ధతి మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఎంత విస్తరించిందంటే, వీధి చందాలను అదుపు చేసే అధికారాన్ని స్థానిక పోలీసు అధికార సంస్థలకు ఇస్తూ 1916లో బ్రిటన్ చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ చట్టం సంగతి మళ్ళీ ప్రస్తావిస్తాను, ఎందుకంటే ఆ ఇబ్బంది ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చింది. మన దేశంలో ఇలాంటివాటిలో అందరికీ తెలిసినది సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరుగుతోంది. బడిలో ఆ చిన్న జెండా కొని చొక్కాకు గుచ్చుకున్న తరాలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇచ్చేది కొద్దిగానైనా ఇచ్చినట్టు అందరికీ కనిపిస్తుంది. గుర్తు పెట్టుకోనివాడికి తాను ఇంకా ఇవ్వలేదని తోస్తుంది. ఇవాళ్టి ఒక్కరోజు ప్రచారాల్లో పేర్ల జాబితాలు, లక్ష్యం వైపు పెరిగే గీతలు చేస్తున్నదీ ఆ పనే.

గడువు, అంకె కలిస్తే ఎంత బలమో తెలుగు నేల మీదే ఒకసారి రుజువైంది. 1921 మార్చి ఆఖరున, ఏప్రిల్ మొదటి రోజున బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం మూడు లక్ష్యాలు పెట్టుకుంది. జూన్ 30లోగా కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు. కోటి రూపాయలు గడువులోగా వచ్చాయి. అందులో బొంబాయి వాటా పెద్దది, అయినా ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసిచ్చిన ఊళ్ళు ఆంధ్రదేశంలో ఎన్నో ఉన్నాయి. అది ఒక్కరోజు కాదు, మూడు నెలలు. కానీ ఎంత, ఎప్పటిలోగా, దేనికి అనే మూడు ప్రశ్నలకూ అడిగే ప్రతి మనిషి దగ్గరా ఒకే జవాబు ఉంది.

ఆ రోజుల్లోనిదే ఇంకొకటి, నాకు మరీ ఇష్టమైనది. కాకినాడలో చిన్నపిల్లగా ఉన్న దుర్గాబాయి, దేవదాసీ స్త్రీలనూ పరదాలో ఉండే ముస్లిం స్త్రీలనూ గాంధీజీతో విడిగా కలిపించాలనుకున్నారు. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే చూద్దామన్నారు నిర్వాహకులు. దేవదాసీ స్త్రీలతో కలిసి ఆ మొత్తం కూడబెట్టి, ఆమె సభ జరిపించారు. తర్వాతి కాలంలో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన మనిషి చేసిన తొలి చందా వసూళ్ళలో ఇదొకటి. సంస్థ వల్ల మేలు పొందేవాళ్ళు కూడా ఇచ్చేవాళ్ళలో ఉండవచ్చన్న సంగతిని ఇవాళ్టి ప్రచారాలు తరచు మరిచిపోతున్నాయి. బడికి వచ్చే పిల్లల తల్లులు తలా యాభై రూపాయలు వేస్తే మొత్తంలో అది కనిపించకపోవచ్చు. కానీ ఆ మాట విన్న దాత చెయ్యి ఇంకాస్త ధారాళంగా తెరుచుకుంటుంది.

ఇప్పటి రూపానికి వస్తే, 2009 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం మొత్తం ఒకేరోజు తమ స్థానిక సంస్థలకు ఇవ్వాలని ప్రచారం పెట్టుకుంది. 24 గంటల్లో సుమారు 1.4 కోట్ల డాలర్లు వచ్చాయి. 2012లో న్యూయార్క్‌లోని 92వ వీధి వై అనే సాంస్కృతిక కేంద్రం, ఐక్యరాజ్యసమితి ఫౌండేషన్‌తో కలిసి ‘గివింగ్ ట్యూజ్‌డే’ మొదలుపెట్టింది. థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాత జనం రెండుమూడు రోజులు కొనుగోళ్ళలో మునిగితేలాక వచ్చే మంగళవారం అది. తొలి ఏడాది కోటి డాలర్ల స్థాయిలో ఉన్నది 2024 నాటికి ఒక్క అమెరికాలోనే 360 కోట్ల డాలర్లకు చేరిందని నిర్వాహకుల అంచనా. మన దేశంలో 2009లోనే ‘జాయ్ ఆఫ్ గివింగ్ వీక్’ మొదలై, తర్వాత ‘దాన్ ఉత్సవ్’ అయింది. గాంధీ జయంతి నుంచి అక్టోబరు 8 వరకు జరిగే ఈ వారంలో డబ్బుతో పాటు సమయం, వస్తువులు, నైపుణ్యం ఇవ్వడం కూడా లెక్కే. మన అలవాట్లకు ఇది దగ్గరగా ఉంది.

360 కోట్లు అనగానే కళ్ళు తిరుగుతాయి. అందులో చిన్నవాళ్ళకు ఎంత అన్నది అడగాల్సిన ప్రశ్న. 2018లో గివింగ్ ట్యూజ్‌డే నాడు ఫేస్‌బుక్, పేపాల్ కలిసి 70 లక్షల డాలర్ల మ్యాచింగ్ సొమ్ము ప్రకటించాయి. దాత ఎంత ఇస్తే అంత తామూ కలుపుతామని, ముందొచ్చినవారికి ముందని అర్థం. తెల్లవారి పంపిణీ మొదలైన కొన్ని సెకన్లకే అది అయిపోయింది. ముందే దాతలను పురమాయించి, అలారాలు పెట్టించి, వేళ్ళు బటన్ మీద ఉంచగలిగిన సంస్థలకు తప్ప మిగతావాళ్ళకు అందులో ఏమీ దక్కే అవకాశం లేదు. అందరూ ఒకేరోజు అరిచినప్పుడు గొంతు పెద్దదైనవాడి మాటే వినబడుతుంది. కాబట్టి చిన్న సంస్థ అందరి రోజును నమ్ముకోకుండా తన రోజు తాను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. బడి మొదలైన తేదీ కావచ్చు, గ్రంథాలయానికి పేరిచ్చిన పెద్దాయన పుట్టినరోజు కావచ్చు.

తేదీకి మన క్యాలెండరును చూడాలి. నెల మొదటి వారంలో జీతం పడి ఉంటుంది, నెలాఖరులో అడిగితే ఇష్టమున్నవాళ్ళు కూడా వాయిదా వేస్తారు. జూన్‌లో బడులు తెరుస్తారు, ఫీజులతో మధ్యతరగతి జేబు ఖాళీ. సంక్రాంతికి జనం ప్రయాణాల్లో ఉంటారు. దాన్ ఉత్సవ్ వారం చాలా ఏళ్ళలో దసరా హడావుడికి దగ్గరగా పడుతుంది. మార్చి ఆఖరు పన్ను ఆదా చేసుకునేవాళ్ళ కాలంగా పేరుపడింది గానీ, 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే అందరికీ ముందుగా వర్తిస్తోంది, అందులో విరాళాలకు వర్తించే 80జీ మినహాయింపు లేదు. పన్ను కోసం ఇచ్చేవాళ్ళు తగ్గిపోతున్న దేశంలో మనసుకు తగిలే తేదీకే విలువ ఎక్కువ.

పరిశోధన వైపు చూస్తే, చిన్న సంస్థకు నేరుగా పనికొచ్చేవి కొన్నే ఉన్నాయి, కానీ అవి బలమైనవి. 2002లో జాన్ లిస్ట్, డేవిడ్ లకింగ్-రైలీ ప్రచురించిన ప్రయోగంలో ఫ్లోరిడాలోని ఒక విశ్వవిద్యాలయ కేంద్రానికి కంప్యూటర్లు కొనడానికి ఉత్తరాలు రాశారు. లక్ష్యంలో 10 శాతం ఇప్పటికే సమకూరిందని కొందరికి, 67 శాతం సమకూరిందని మరికొందరికి చెప్పారు. రెండో గుంపు నుంచి వచ్చిన మొత్తం దాదాపు ఆరు రెట్లు. మనం గుడి కట్టేటప్పుడు మొదటి పేరు ఊరి పెద్దతో రాయించి, ఆ తర్వాతే చందా పుస్తకం వీధిలోకి తీసుకెళ్ళడం ఈ కారణంతోనే. సున్నా దగ్గర మొదలయ్యే ప్రచారం చూసేవాడికి సందేహం కలిగిస్తుంది.

మ్యాచింగ్ గురించి 2007లో డీన్ కార్లన్, జాన్ లిస్ట్ తేల్చింది ఆసక్తికరం. ‘మీ రూపాయికి మరో రూపాయి’ అని చెప్పడం వల్ల రాబడి 19 శాతం పెరిగింది. కానీ రూపాయికి రెండు, మూడు కలుపుతామన్నా అదనంగా ఏమీ పెరగలేదు. అంటే దాతను బతిమాలి ఎక్కువ నిష్పత్తి రాబట్టాల్సిన పని లేదు. మ్యూనిక్‌లో బవేరియా ప్రభుత్వ ఒపెరా తరఫున స్టెఫెన్ హుక్, ఇమ్రాన్ రసూల్ చేసిన ప్రయోగం ఇంకా ముందుకెళ్ళింది. ఒక దాత ఇప్పటికే 60 వేల యూరోలు ఇచ్చారని ఊరికే చెప్పినప్పుడు సగటు విరాళం 74 యూరోల నుంచి 132కు పెరిగింది. అదే సొమ్మును మ్యాచింగ్‌గా పెడితే జనం తమ జేబు నుంచి ఇచ్చేది అంత లేదు. మన దగ్గర ఒక డాక్టరుగారు లక్ష రూపాయలు ఇస్తానంటే, దాన్ని గారడీలాగా దాచి ‘మీరిస్తేనే ఆయనిస్తారు’ అనే కన్నా, ‘ఆయన నమ్మి ఇచ్చారు’ అని తొలి ఉదయమే చెప్పడం మంచిదని దీన్నిబట్టి అనుకోవచ్చు. అది నిజం కూడాను. ఎలాగూ ఇచ్చేసే డబ్బును షరతుగా చూపడం నాకు మోసంగానే తోస్తుంది.

ఖర్చుల విషయం మరొకటి. ఉరి గ్నీజీ బృందం 2014లో చూపినదాని ప్రకారం, నిర్వహణ ఖర్చులు వేరే దాత భరించారు, మీ రూపాయి మొత్తం పనికే వెళుతుందని చెప్పినప్పుడు మ్యాచింగ్ కంటే కూడా ఎక్కువమంది ఇచ్చారు. అద్దె, కరెంటు, టీచరు జీతం అడగడానికి సిగ్గుపడే మన సంస్థలు ఆ భాగాన్ని కమిటీ సభ్యుల చేతనో ఒక పాత దాత చేతనో ముందే కట్టించుకుంటే, ఆ రోజు ధైర్యంగా మాట్లాడవచ్చు.

కథ సంగతి జాగ్రత్తగా చెప్పాలి. మాలీ దేశంలోని రోకియా అనే ఏడేళ్ళ పిల్ల గురించి చదివినవాళ్ళు, లక్షలమంది ఆకలి గురించి గణాంకాలు చదివినవాళ్ళ కన్నా రెట్టింపు పైగా ఇచ్చారని డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో రాశారు. రోకియా పక్కన గణాంకాలు చేరిస్తే ఇచ్చేది తగ్గింది. ఇది తెలిసినవాళ్ళంతా ఒక ఏడుపుమొహం ఫోటో వెతకడం మొదలుపెట్టారు. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫోటో, బడి, చిరునామా బయటపెట్టడం మన దేశంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. చట్టం లేకపోయినా అది తప్పే. ఈ రోజు వాట్సాప్‌లో తిరిగిన ఫోటో ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు వచ్చాక కూడా తిరుగుతుంది. ఒక మనిషి కథ చెప్పాలంటే చెప్పదగ్గ మనుషులు సంస్థలోనే ఉన్నారు. పొద్దున ఒక ఉద్యోగం, సాయంత్రం ఇక్కడ పాఠం చెప్పే టీచరమ్మ, వంట చేసే అక్క, ఇక్కడే చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తూ తనంత తాను ముందుకొచ్చిన కుర్రాడు. ఆ కుర్రాడి నోటి మాటను మించిన పోస్టరు లేదు.

ఇక లెక్క. ఏడాదికి ఎనిమిది లక్షల ఖర్చుతో నడిచే ఒక సాయంత్రపు బడి ఒక్కరోజులో మూడు లక్షలు రాబట్టాలనుకుందాం. అందులో సగం, లక్షన్నర, తెలిసిన ఆరేడుగురు దాతల నుంచి ముందే మాట తీసుకోవాలి. మిగతాది జనం నుంచి. పదిహేనుమంది స్వచ్ఛంద కార్యకర్తలు తలా ఇరవై పేర్లు రాస్తే మూడు వందలమంది. ఫోను చేసి, పేరు పెట్టి పిలిచి అడిగితే ముగ్గురిలో ఒకరు ఇస్తారనుకుంటే వందమంది. సగటున వెయ్యి చొప్పున లక్ష రూపాయలు. ఇంకా యాభై వేలు తక్కువ పడింది. చాలా సంస్థలు ఈ ఖాళీని ‘సోషల్ మీడియాలో వస్తుంది’ అనే మాటతో పూడుస్తాయి. ముక్కూమొహం తెలియనివాళ్ళు పోస్టు చూసి ఇవ్వడం అరుదు. అందుకని లక్ష్యం రెండున్నర లక్షలకు తగ్గించాలి, లేదా అడిగేవాళ్ళు మరో ఎనిమిదిమంది కావాలి. ఈ కాగితం ముందే రాసుకున్న సంస్థకు ఆ రోజు సాయంత్రం ఆశ్చర్యాలు ఉండవు. ఈ అంకెలన్నీ ఊహకు పెట్టుకున్నవే. ఎవరి అంకెలు వాళ్ళు పెట్టి చూసుకోవాలి.

అడగడంలోనూ మర్యాద ఉంది. షికాగో చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగి చేసిన ఒక ప్రయోగంలో, ఫలానా వేళకు చందాకు వస్తామని ముందురోజు కాగితం తగిలిస్తే తలుపు తీసేవాళ్ళు పదో వంతు నుంచి పావు వంతు దాకా తగ్గారు. ఎదురుగా నిలబడితే కాదనలేక ఇచ్చేవాళ్ళు ఎంతోమంది ఉన్నారన్నమాట. వినాయక చవితి పందిరి చందా వసూలు చూసిన మనకు ఇది కొత్త కాదు. మొహమాటం మీద వచ్చిన వెయ్యి మరుసటి ఏడాది రాదు, పైగా ఆ మనిషి మన ఫోను ఎత్తడం మానేస్తాడు.

డబ్బు చేరే దారి గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే చిన్న సంస్థలు దెబ్బతినేది ఇక్కడే. యూపీఐ వచ్చాక వంద రూపాయలు ఇవ్వడం ఎంతో తేలికైంది. కానీ క్యూఆర్ కోడ్ మీద వచ్చిన డబ్బుకు ఒక యూపీఐ ఐడీ, ఒక అంకె తప్ప ఏమీ తెలియదు. దాత పేరు, చిరునామా రికార్డులో లేకపోతే అది అనామక విరాళం అవుతుంది. అలాంటివి మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అది, దాటితే పైమొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. 80జీ కోరే దాతకు సర్టిఫికెట్ ఇవ్వాలంటే పాన్ లేదా ఆధార్ వంటి గుర్తింపు అంకె కావాలి. 10బీడీ ఫారం పేరిట నడిచిన పద్ధతిలో ఈ వివరాలన్నీ మే 31లోగా దాఖలు చేయాల్సి ఉండేది, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడేది. రెండు వేలు దాటిన నగదుకు 80జీ వర్తించదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల అంకెలు కూడా మారాయి. రసీదు మీద ఏం అచ్చువేయాలో ఆడిటరును ముందే అడగాలి. కోడ్ పక్కనే ఒక చిన్న ఫారం లింకు పెట్టి, ‘డబ్బు పంపగానే పేరు, ఊరు, పాన్ ఇక్కడ రాయండి’ అని అడగడం, ఒక కార్యకర్తను రోజంతా ఆ ఒక్క పని మీద కూర్చోబెట్టడం తప్పనిసరి.

మన సంస్థల వాట్సాప్ సందేశాలు గంటలో డల్లాస్, న్యూజెర్సీ చేరతాయి. ఆ ప్రేమ నిజమైనది, కానీ దాని దారి వేరు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరుడై ఓసీఐ కార్డు తీసుకున్నాక ఇస్తే విదేశీ విరాళమే, తెలుగువాడైనా, మన ఊరివాడైనా. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ తీసుకుని మరో సంస్థకు ఇవ్వడం కూడా అప్పటి నుంచి కుదరదు. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ కోరాలంటే మూడేళ్ళలో కనీసం 15 లక్షలు సేవాపనుల మీద ఖర్చుచేసి ఉండాలి. చాలా చిన్న సంస్థలకు ఇది అందదు. అందుకని సందేశంలోనే ‘విదేశీ పౌరసత్వం ఉన్నవారు దయచేసి ఈ ఖాతాకు పంపవద్దు’ అని తెలుగులో స్పష్టంగా రాయాలి. వాళ్ళు సాయం చేయడానికి వేరే మార్గం ఉంది: ఊళ్ళో ఉన్న తమ అన్నదమ్ములకు, స్నేహితులకు ఫోను చేసి అడగడం. అది డబ్బు కన్నా తక్కువేమీ కాదు.

అన్నీ ఒకే రోజు మీద పెట్టినప్పుడు ఆ రోజు యంత్రం ఆగితే ఏమిటి? 2016 మే 3న అమెరికాలో అనేక నగరాల ఒక్కరోజు ప్రచారాలు ఒకే కంపెనీ వేదిక మీద నడుస్తుండగా అది గంటల తరబడి మొరాయించింది. కొన్నిచోట్ల గడువు పొడిగించారు. మన దగ్గర 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతటా తడబడింది. బ్యాంకు ఖాతా అంకె, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, చెక్కు ఎవరి పేర రాయాలో, కాగితపు రసీదు పుస్తకం, ఇవన్నీ పక్కన సిద్ధంగా ఉంచుకుంటే ‘రేపు పంపుతాను’ అన్న మాటను కూడా లెక్కలో రాసుకోవచ్చు. గడువు మనం పెట్టుకున్నదే, మరో రోజు పొడిగిస్తే తప్పేమీ లేదు.

ఒకరోజు పిండుకుంటే మిగతా రోజుల చందా తగ్గదా అన్నది అనుభవజ్ఞులు అడిగే ప్రశ్న. బ్రిటన్‌లో విపత్తుల సమయపు విరాళాలను పరిశీలించిన స్కార్ఫ్, స్మిత్, ఒటోని-విల్హెమ్‌లు మొత్తం ఇవ్వడం పెరిగిందనీ, వేరే సంస్థలకు ఇచ్చేది తగ్గకుండా కాస్త ముందువెనకలు అయిందనీ చూపారు. అది విపత్తు సంగతి, చిన్న బడికి అచ్చంగా వర్తిస్తుందని అనలేం. మరోవైపు 1916 నాటి బ్రిటిష్ చట్టం గుర్తుచేసే అలసట కూడా నిజమే. ఒకే వాట్సాప్ గ్రూపులో వారానికో క్యూఆర్ కోడ్ వస్తే జనం చూడటం మానేస్తారు. ఏడాదికి ఒక్కసారే అడుగుతామని మాటిచ్చి, దానికి కట్టుబడే సంస్థకు ఇక్కడ మేలు ఉంది.

ఎంత వచ్చిందో మర్నాడే తెలుస్తుంది. అసలు ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది. అమెరికా లెక్కల్లో తొలిసారి ఇచ్చినవాళ్ళలో మరుసటి ఏడాది మళ్ళీ ఇచ్చేది సుమారు అయిదింట ఒక వంతు మాత్రమే. ఒక్కరోజు ప్రచారంలో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది స్నేహితుడి మాట కోసం వచ్చినవాళ్ళు, సంస్థ కోసం కాదు. వాళ్ళను సంస్థ మనుషులుగా మార్చుకునే వ్యవధి ఆ తర్వాతి రెండు మూడు వారాలే. రెండు రోజుల్లో రసీదు, వారంలో పేరు పెట్టి ఒక ఫోను, మూడు నెలలకు ఆ డబ్బుతో ఏం కొన్నారో చూపే ఒక ఫోటో, ఆర్నెల్లకు ‘ఒకసారి వచ్చి చూడండి’ అన్న పిలుపు. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. వందమంది దాతలకు తలా పది నిమిషాలు ఫోను అంటే పదిహేడు గంటలకు లోపే. ప్రచారం రోజున పనిచేసిన పదిహేనుమంది పంచుకుంటే తలా గంటా పది నిమిషాలు కూడా పట్టదు. అయినా ఎక్కువ సంస్థలు ఆ రోజు రాత్రే అలసిపోయి ఆగిపోతాయి. అందువల్ల కార్యకర్తలను పురమాయించేటప్పుడే ధన్యవాదాల ఫోన్లకు కూడా మాట తీసుకోవాలి.

అందరూ ఇది పెట్టుకోవాలని నేను అనను. తమను ఎరిగినవాళ్ళు వందమంది లేని సంస్థ, లెక్కలు ఆడిట్ కాని సంస్థ, రిజిస్ట్రేషన్ నడుమనే ఆగిపోయిన సంస్థ ఈ ఏడాదికి దీని జోలికి పోకుండా ఉండటమే మంచిది. ఆ శక్తిని నెలకొక ఆదివారం తలుపులు తీసి, కాలనీవాళ్ళను పిలిచి, పిల్లల చేత చదివించి చూపడం మీద పెట్టాలి. వచ్చినవాళ్ళ పేరు, ఫోను నంబరు ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి ఫోను చేయదగ్గ మూడు వందల పేర్లు ఆ పుస్తకంలోనే ఉంటాయి.